డ్రైవర్ తల్లికి నేను చెప్పిన క్షేమం

ఒమాన్‌లో అల్ మవాలే అనే చోట ఒక అరబ్బు ఇంట్లో వంటమనిషిగా ఉండేదాన్ని. మా ఇంటి డ్రైవర్‌ది మా కడప పక్కే. పక్కింటి డ్రైవర్ బంగ్లాదేశ్ పిల్లవాడు. ఢాకాలో కాలేజీ చదువుతూ, సైనిక పాలన పోవాలని ఊరేగింపులు నడిపాడట. పోలీసులు వెతుకుతుంటే ఇక్కడికి వచ్చి పడ్డాడు. మొదట్లో నాకు గిట్టేవాడు కాదు. నా చదువు మూడో తరగతితో సరి. దొరికిన చదువు వదిలేసి వీధుల్లో అరిచేవాళ్లంటే ఒళ్లు మండేది.

"ఖాలా, శుక్రవారం కూడా గిన్నెలు తోమడమేనా? సెలవడుగు" అన్నాడొకరోజు హిందీలో. ఖాలా అంటే వాళ్లలో పిన్నమ్మ.

"నువ్వు అడిగి ఏం బాగుపడ్డావు?" అన్నాను.

అయినా మా వీధి పనివాళ్లం ఆరుగురం ఒకే రోజు అడిగాం. శుక్రవారం సగం పూట సెలవిచ్చారు.

మిగిలిన అన్నం పారెయ్యబుద్ధి గాక చిత్రాన్నం కలిపి ఇద్దరు డ్రైవర్లకూ పెట్టేదాన్ని. అలా తింటూనే చెప్పాడు, ఇప్పుడు వెనక్కి పంపితే విమానం దిగగానే పట్టుకుంటారని. మావాడు, అదే మా ఇంటి డ్రైవర్, విన్నాడు. నెల తిరక్కుండానే పక్కింటి యజమాని దగ్గరికి పోయి, మీ డ్రైవర్ మనుషుల్ని కూడగట్టి రాజకీయం చేస్తున్నాడని ఊదాడు. ఆ డ్యూటీ తన బావమరిదికి కావాలి. పిల్లవాడి వీసా రద్దయింది. దిగగానే జైల్లో వేశారు.

తర్వాత అక్కడ విద్యార్థులే గెలిచారు. సైనిక పాలకుడు దిగిపోయాడు, ఎన్నికలు పెట్టారు. పిల్లవాడి ఉత్తరం వస్తే కిరాణా కొట్టు బెంగాలీ చదివి చెప్పాడు. విడుదల చేశారట. దెబ్బలకు ఒక చెవి పోయిందట. "ఓటు వేశాను ఖాలా. మీ డ్రైవర్‌ను ఏమీ అనొద్దు, పిల్లలున్నవాడు" అని రాశాడు.

చదువుకున్నవాడు, క్షమించుకోనీ. నేను క్షమించలేదు.

ఆ ఏడు నేను సెలవుకు పోతుంటే మావాడు తల్లికి ఇమ్మని తన మాటలు నింపిన క్యాసెట్ చేతిలో పెట్టాడు. తెచ్చినవాళ్లే దాన్ని దగ్గరుండి వినిపించి, మీవాడు బాగున్నాడని నాలుగు మంచిమాటలు చెప్పడం మా గల్ఫ్ వాళ్ల మర్యాద. వాళ్ల వసారా నిండా జనం. క్యాసెట్ అయిపోయింది.

"మావోడు ఎట్లుండాడక్కా?" అంది తల్లి.

"బాగుండాడు. నేను పెట్టిన కూడు తింటా, పక్కనోడు నమ్మి చెప్పిన మాట ఇని, వాణ్ని జైలుకు పంపించినాడు. బామ్మర్దికి డ్యూటీ కావాలంట."

బావమరిది పెళ్లాం అక్కడే ఉంది. తల్లి క్యాసెట్ తీసి నా ఒళ్లో పడేసి లోపలికి పోయింది.

తిరిగొచ్చాక చేపల అంగడికి పోతూ కారు మధ్యలో ఆపాడు మావాడు. కళ్లనీళ్లు.

"ఇంక క్యాసెట్లు పంపొద్దని మా యమ్మ చెప్పి పంపింది. నీకేం చేసినానత్తా?"

"నాకేం చెయ్యలా. నిన్నేమీ అనొద్దని ఆ పిల్లోడు రాసినాడు. అందుకే నిన్నేమన్నా అన్న్యానా? మీ యమ్మకు చెప్పినా. ఇంక పోనీ, అంగడి మూస్తారు."