అక్క దాచుకున్న మెసేజ్‌లు

నేను ఏడో తరగతితోనే బడి మానేసిన. నేను పాసైన సబ్జెక్టు ఏదన్నా ఉందంటే సెల్‌ఫోనే. అందులో ఎవరూ పరీక్ష పెట్టలేదు గనుక పాసైన.

నిరుడు భద్రాచలం నుంచి ఖమ్మం పోయే బస్సులో నా పక్కన ఒక అక్క కూసుంది. దుమ్ముగూడెం దిక్కు ఊరట. ఆమె బటన్ల ఫోన్‌కు మెసేజ్‌లు ఆగకుండ వస్తున్నయి.

"తమ్మీ, ఇవి ఏ తారీకున వచ్చినయో యాడ చూడాలె?" అని ఫోన్ నా చేతికిచ్చింది.

చూస్తే అన్నీ ప్లాట్ల, లోన్ల ప్రకటనలే.

"తారీకులెందుకక్కా, వీళ్లతోటి లగ్గం పెట్టుకుంటవా ఏంది?" అన్న. ముందు సీటోళ్లు నవ్విన్రు. ఆ నవ్వుకు ఇంకింత ఉషారొచ్చి, ఆమెను అడగకుండనే మెసేజ్‌లన్నీ డిలీట్ కొట్టి, "అంతా సాఫ్!" అన్న.

అక్క నవ్వలేదు. "ప్రకటనలు వద్దని డీఎన్‌డీ ఎప్పుడో పెట్టించిన తమ్మీ. అయినా పంపుతున్నరు. మా బిడ్డ రక్తపరీక్ష మెసేజ్ వీటి నడుమ పడి కనపడలే. దవాఖానాకు రమ్మన్న రోజు దాటిపోయింది. అందుకే తారీకులతోటి కంప్లయింట్ పెడదామని ఇవన్నీ దాచిన," అన్నది మెల్లగ.

తిట్టలేదు. ఫోన్‌ను కొంగుతో తుడుచుకొని సంచిలో పెట్టుకుంది. తల్లాడల ఆమె దిగేదాక కిటికీ దిక్కే చూసిన.

ఇంటికొచ్చి మా ఇంటామెకు చెప్పిన.

"అడగని మెసేజ్‌లు పంపేటోళ్ల మీద కంప్లయింట్ పెట్టొచ్చు, సరే. అడగని పని చేసే నీ మీద యాడ పెట్టాలె?" అన్నది.