దావీదన్ననే అడగండి

తుఫానును వెనక్కి పంపింది నేనే. నమ్మకపోతే ముత్తుకూరు నుంచి తూర్పుగా వచ్చి మా రేవులో ఎవరినైనా అడగండి. షెల్టరుకు పొమ్మని మైకులో అరుస్తున్నా కదలకుండా, తెల్లవార్లూ ఇసుకలో మోకాళ్ల మీదే ఉండి ప్రార్థించాను. తెల్లారేసరికి గాలి ఉత్తరానికి తిరిగిపోయింది. ఈ సంగతి సంఘంలో సాక్ష్యంగా ఎన్నోసార్లు చెప్పాను. చెప్పిన ప్రతిసారీ అల ఇంకో మూరెడు లేచేది.

మోకరించిన మాట నిజమే. ఒక బీడీ కాలేంతసేపు. చినుకు పడగానే లేచేశాను.

ఇంతవరకూ నవ్వుతూ చెప్పగలను. దీని కింద ఇంకొకటుంది. ఏళ్ల తరబడి అది నాతో చర్చికి వచ్చి, నా పక్కన కూర్చుని, మళ్లీ నాతోనే ఇంటికి వస్తోంది. నా భార్య పోయాక ఇంట్లో నాకు తోడున్నది అదొక్కటే. మీరెవరో నాకు తెలియదు. తెలిసినవాళ్లకు చెప్పే ధైర్యం లేకనే మీకు చెబుతున్నాను.

నాదీ దావీదన్నదీ కలిసిన బోటు. ఆయన నాకు చుట్టం కాదు, వల విసరడం నేర్పినవాడు. ఉప్పుటేరులో ఇద్దరం ఒకే రోజు బాప్తిస్మం తీసుకున్నాం. ముందు ఆయన మునిగాడు, తర్వాత నేను. తుఫాను వస్తుందన్న సాయంత్రం, అందరూ షెల్టరుకు వెళ్లిపోయాక బోటు దగ్గర నేనొక్కడినే మిగిలాను. సముద్రం బురద రంగుకు తిరిగింది. మా అమ్మ బతికున్నప్పుడు పడవ ముక్కుకు పసుపు రాసి, కుంకుమ పెట్టి, గంగమ్మకు టెంకాయ కొట్టేది. అదే గుర్తొచ్చింది. పక్కింట్లోంచి పసుపు, కుంకుమ, ఒక టెంకాయ తెచ్చాను. నోరు ఏసయ్యను పిలుస్తూనే ఉంది, చేతులు అమ్మ చేసిన పని చేసుకుపోయాయి. అంతా అయ్యాక బోటు మీద టార్పాలిన్ పట్ట కప్పి వెళ్లిపోయాను. భయపడినవాడి చేతులు ఎవరి మాట వింటాయి? ఆ పసుపును పెద్ద తప్పని ఇప్పటికీ గట్టిగా అనలేను. తప్పు తెల్లారాక జరిగింది.

పొద్దున సంఘమంతా కృతజ్ఞతలు చెప్పుకోవడానికి రేవుకు వచ్చింది. పాస్టరు నన్ను సాక్ష్యం చెప్పమన్నాడు. నేను అలల ఎత్తు చూపిస్తూ ఉండగా ఎవరో బోటు మీద పట్ట లాగారు. పసుపు, కుంకుమ, కింద టెంకాయ చిప్పలు. 

"ఇది ఎవురి పని?" అన్నాడు పాస్టరు.

"నేను ప్రార్థనలో ఉండా గదయ్యా," అన్నాను. "దావీదన్ననే అడగండి."

దావీదన్న నా చేతులకేసి చూశాడు. గోళ్లలో పసుపు ఇంకా పోలేదు. చేతులు వెనక్కి పెట్టుకున్నాను. ఆయన నవ్వాడు. "వాడు ప్రార్థనలో ఉన్నాడంటే నేనే అయ్యుండాల గదయ్యా" అన్నాడు. ఎగతాళికన్నాడు. పాస్టరు నిజమనుకున్నాడు. సంఘం ముందు పశ్చాత్తాపపడేదాకా ప్రభువు బల్ల దగ్గరికి రావద్దన్నాడు. రొట్టె, ద్రాక్షరసం ఆయనకు ఆగిపోయాయి. నేను నోరు విప్పలేదు. కొన్నాళ్లకు నన్ను సంఘ పెద్దను చేశారు.

చేయని పనికి దావీదన్న ఎలా పశ్చాత్తాపపడతాడు? కొన్ని ఆదివారాలు చర్చి కిటికీ బయట కూర్చున్నాడు. తర్వాత రాలేదు. నాతో వేటకూ రాలేదు. పోయినేడు చనిపోయాడు.

అప్పటినుంచి కనిపించిన పాస్టరునల్లా ఒకటే అడుగుతున్నాను. రక్షణ పొందినవాడు చివరిదాకా విశ్వాసంలో నిలబడకపోతే ఆ రక్షణ పోతుందా? ముత్తుకూరు పాస్టరు పోదన్నాడు. గట్టిగా పట్టుకున్నది మన చెయ్యి కాదు, దేవుడి చెయ్యి అన్నాడు. ఆ పూట రెండు ముద్దలు ఎక్కువ తిన్నాను. కోవూరు పాస్టరు పోతుందన్నాడు. రేవు కనిపించాక మునిగిన బోటు ఒడ్డు చేరినట్టా అని నన్నే అడిగాడు. ఇంకొకాయన, పడిపోయినవాడికి అసలు మొదటినుంచీ రక్షణే లేదు పొమ్మన్నాడు. ఆయన మీద కోపమొచ్చింది. దావీదన్న మునిగిన నీళ్లలోనే కదా నేనూ మునిగింది?

ఎవరి కోసం అడుగుతున్నాను ఇదంతా? దావీదన్న కోసమా? కాదు. పోదంటే ఆయన క్షేమంగా దేవుడి దగ్గరున్నట్టు, నేను చేసింది ఒట్టి తుంటరి పని అయినట్టు. పోతుందంటే మాత్రం ఆయన్ని తోసింది నేను. మరి నా సంగతి? ఒక్క ఆదివారం కూడా తప్పలేదు. బల్ల దగ్గర మొదటి రొట్టె ముక్క నాదే. చివరిదాకా నిలబడటమంటే, కూర్చున్న బెంచీ వదలకపోవడమేనా?

పోయిన వారం దావీదన్న భార్య మార్త వదిన దగ్గరికి వెళ్లాను. ఎండలో చేపలు తిరగేస్తోంది. పసుపు, గోళ్లు, పాస్టరుకు చెప్పిన అబద్ధం, అన్నీ చెప్పేశాను. ఎన్నాళ్లకో ఊపిరి కడుపుదాకా దిగింది. ఆమె క్షమించానని అనలేదు. అక్కడితో ఆగాల్సింది. నా నోరు ఆగేది కాదు.

"ఏమైనా అన్న గొప్పోడు వదినా," అన్నాను. "కిటికీ బయట కూర్చోనైనా వాక్యం ఇన్నాడు. పాట పాడతానే ప్రభువు దగ్గరికి పోయుంటాడు. చివరిదాకా నిలబడినాడు."

ఆమె తల ఎత్తలేదు. చేపలు తిరగేస్తూనే ఉంది. ఆమె అన్నది ఉన్నదున్నట్టు రాయకపోతే ఇది కూడా నా సాక్ష్యాల్లాంటిదే అవుతుంది.

"పసుపు నీదేనని ఆయనకు ఆ పొద్దే తెలుసు, నాకూ తెలుసు. దానికేంలే. పాట పాడినాడని ఎవురు చెప్పినారు నీకు? కిటికీ కాడ కూర్చున్నది వాక్యం కోసరం కాదబ్బయా. నువ్వు లేచి ఒక్క మాట చెప్తావేమోనని. నువ్వు చెప్పలా. ఇంటికొచ్చి బైబిలు తీసి అటక మీద పెట్టేసినాడు. మళ్లా దించలా. పొయ్యేనాడు నేను పాస్టరును పిలుచుకొస్తే, గోడ తట్టు తిరిగి పండుకున్నాడు. ఆడ ఎవురూ పాడలా."