ఖాళీ నోట్‌బుక్కుల టీచరమ్మ

మా స్కూల్లో ఏళ్ళ తరబడి ఇంగ్లీషు చెప్పి రిటైరైన టీచరమ్మ పోయిన వారం కాప్రాలో, వాళ్ళ చెల్లెలి ఇంట్లో కన్నుమూశారు. పొద్దున హాజరు పట్టీలో సంతకం పెడుతుంటే ప్యూన్ వచ్చి చెప్పాడు. చెప్పేసి, ఫస్ట్ పీరియడ్ బెల్లు కొట్టడానికి వెళ్ళిపోయాడు. నేనూ చాక్‌పీసు తీసుకుని క్లాసుకు వెళ్ళిపోయాను.

ఆదివారం చర్చిలో జరిగిన జ్ఞాపకార్థ కూడికకు వెళ్ళాను. అక్కడి నుంచి వచ్చినప్పటి నుంచీ నాకు ఒళ్ళు మండుతూనే ఉంది. అప్పట్లో మాకు హెడ్మాస్టరుగా చేసిన పెద్దాయన మైకు పట్టుకుని, "ఆ మేడమ్ క్లాసు నోట్‌బుక్కులు చూస్తే కడుపు నిండిపోయేది. ఒక్క పేజీ ఖాళీ ఉండకపోయేది. ఇన్‌స్పెక్షన్‌ల సుత మెచ్చుకున్నరు" అన్నారు. అందరూ తలలూపారు. లేచి "అబద్ధం" అని అరుద్దామనుకున్నాను. అరవలేదు. ఆ నోట్‌బుక్కులు ఆమెవి కావు, నావి. ఆ సంగతి చెప్పకుండా ఆమెను తల్చుకోవడం నా వల్ల కాదు.

నేను రాంగోపాల్‌పేట్‌లో పుట్టి పెరిగినదాన్ని. ఆమెది గుంటూరు వైపు నుంచి వచ్చి సికింద్రాబాదులో స్థిరపడిన క్రైస్తవ కుటుంబం. నేను కొత్తగా ఉద్యోగంలో చేరినప్పుడు, కొన్నాళ్ళు ఆమె క్లాసులో కూర్చుని చూసి నేర్చుకోమన్నారు. తెలుగు మీడియం ఎనిమిదో తరగతి. లోపలికి వెళ్ళేసరికి పిల్లలంతా ఇద్దరిద్దరుగా, వీపుకు వీపు ఆనించి నేల మీద కూర్చుని ఉన్నారు. ఒకరి చేతిలో బొమ్మ, ఇంకొకరి చేతిలో తెల్లకాగితం. బొమ్మ ఉన్నవాళ్ళు అందులో ఏముందో ఇంగ్లీషులో చెప్పాలి, రెండోవాళ్ళు విని గీయాలి. వెనక్కి తిరిగి చూడకూడదు.

"హౌస్... నో, నో, బిగ్ హౌస్!"

"ట్రీ వేర్? విచ్ సైడ్ రా?"

"లెఫ్ట్! యువర్ లెఫ్ట్!"

నలభై మంది ఒకేసారి అరుస్తున్నారు. పక్క గదిలో లెక్కల సారు గోడ మీద దబదబా బాదుతున్నాడు. టీచరమ్మ మాత్రం ఆఖరి బెంచీలో కూర్చుని, చెవి వెనక చెయ్యి పెట్టుకుని వింటూ, చిన్న చీటీ మీద ఏదో రాసుకుంటున్నారు. గీయడం అయిపోయాక లేచి వెళ్ళి, తను విన్న తప్పు వాక్యాలు మూడు బోర్డు మీద రాశారు. ఎవరు అన్నారో చెప్పలేదు. వాటిని పిల్లల చేతే దిద్దించారు. అంతే, క్లాసు అయిపోయింది.

"గ్రామర్ ఎప్పుడు చెప్తరు టీచర్?" అని అడిగాను.

"అవసరం పడ్డప్పుడు చెబుతానమ్మా. ముందు వాళ్ళకి ఒకళ్ళతో ఒకళ్ళకి పని పడాలి కదా. పనేమీ లేకుండా నువ్వు మాత్రం ఎవరితో మాట్లాడతావు?" అన్నారు.

నాకది నచ్చలేదు. నిజం చెప్పాలంటే చిరాకేసింది. నేను గైడ్లు బట్టీ కొట్టి ఫస్ట్ క్లాసు తెచ్చుకున్నదాన్ని. ఉద్యోగం ఇంటర్వ్యూలో ఇంగ్లీషులో నా పేరు, ఊరు దాటి నోరు పెగల్లేదన్న సంగతి మాత్రం అప్పుడు గుర్తు రాలేదు.

అన్నిటికన్నా నేను తట్టుకోలేకపోయింది ఆమె ఆగడం. ఒక పిల్ల లేచి ఒక్క మాట కోసం వెతుక్కుంటుంటే ఆమె అలాగే చూస్తూ కూర్చునేవారు. ఆ పిల్ల పైకి చూస్తుంది, కిందికి చూస్తుంది, జడ కొస నములుతుంది. ఈమె కదలరు. ఒకసారి నేను ఉండబట్టలేక వెనక నుంచి ఆ మాట అందించేశాను. ఆ పిల్ల హమ్మయ్య అనుకుని కూర్చుంది. టీచరమ్మ నా వైపు అదోలా చూశారు. బయటికి వచ్చాక, "నువ్వు చెప్పేస్తే దానికిక చెప్పడానికేం మిగిలిందమ్మా? ఇంకొక్క నిమిషం ఆగితే నీ సొమ్మేం పోయింది?" అన్నారు. సాయం చేస్తే తిట్టారని ఆ రోజంతా మూతి ముడుచుకుని తిరిగాను.

తల్లిదండ్రులకు ఇవన్నీ ఎక్కడ పడతాయి? మోండా మార్కెట్లో కూరగాయలమ్మే ఒకాయన కూతురి నోట్‌బుక్ పట్టుకుని నేరుగా స్టాఫ్ రూమ్‌కే వచ్చాడు. "ఏందీ టీచరమ్మా గిట్ల? అన్ని నోట్‌బుక్కులు నిండినయి, ఇంగ్లీష్‌ది ఒక్కటే తెల్లగున్నది. మా పిల్లనేమో ఆడుకున్నం అంటది."

"మీ అమ్మాయిని ఇంగ్లీషులో ఏమైనా అడగండి నాయనా, చెబుతుంది" అన్నారామె.

"నాకే వస్తే ఈడికెందుకొస్త?" అన్నాడాయన. ఆయన కోపంలోనూ న్యాయముంది. చదువు జరిగిందో లేదో తెలుసుకోవడానికి ఆయనకున్న ఆధారం ఆ నోట్‌బుక్ ఒక్కటే. ఆయన వెళ్ళాక నేను ఆ ముక్కే చెబితే టీచరమ్మ నవ్వేశారు. ఆ నవ్వు చూసినా నాకు మండేది. ఒక పేజీ రాయించి వాళ్ళ నోరు మూయించొచ్చు కదా అనిపించేది.

ఇంతలో ఇన్‌స్పెక్షన్ వచ్చిపడింది. టీచరమ్మకు జ్వరం వచ్చి సెలవులో ఉన్నారు. హెడ్మాస్టరు నన్ను పిలిచి, "ఎనిమిదో క్లాసు నోట్‌బుక్కులు చూస్తే ఇజ్జత్ పోతది. ఆ క్లాసు మేడమ్ దగ్గరి నుంచి తీసేయుమంటరు. పరేషాన్‌ల ఉన్న, జెర నువ్వే ఏదన్న చెయ్యమ్మా" అన్నారు.

చేశాను. నాలుగు రోజులు, ఖాళీగా దొరికిన ప్రతి పీరియడూ ఆ పిల్లల చేత నా గైడు కాపీ చేయించాను. వ్యాసాలు, లేఖలు, టెన్సుల పట్టికలు. జూన్ నుంచి రాసినట్టుగా పాత తేదీలు వేయించాను. అనుమానం రాకుండా కొన్ని పేజీలు నీలం పెన్నుతో, కొన్ని నలుపుతో రాయించాను. తర్వాత నలభై పుస్తకాలూ ముందేసుకుని ఎర్ర సిరాతో టిక్కులు పెట్టి, పేజీ పేజీకీ ఆమె పొట్టి సంతకం నేనే గీశాను. ఆమెను కాపాడుతున్నానన్న పొంగులో నాకు చెయ్యి నొప్పి కూడా తెలియలేదు.

ఇన్‌స్పెక్షన్ రోజు ఆమె నీరసంగానే వచ్చారు. సంచీలో ఆ రోజు ఆటకు కావాల్సిన కాగితాలున్నాయి. వచ్చినాయన క్లాసు వినలేదు, పిల్లలతో ఒక్క మాటా మాట్లాడలేదు. అయిదారు నోట్‌బుక్కులు తిరగేసి, "చాలా బాగుందండీ. అన్ని సెక్షన్లకూ ఇదే పద్ధతి పెట్టండి" అని హెడ్మాస్టరుకు చెప్పి వెళ్ళిపోయారు. టీచరమ్మ ఒక పుస్తకం తీసుకుని చూశారు. పేజీలు తిప్పారు. టిక్కులు చూశారు. తర్వాత నన్ను చూశారు.

స్టాఫ్ రూమ్‌లో మేమిద్దరమే ఉన్నప్పుడు అన్నారు, "నా సంతకం నాకన్నా బాగా పెట్టావమ్మాయ్."

"మీ క్లాసు పోతదని భయపడ్డ టీచర్..."

"పుస్తకాలు ఖాళీగా ఉంటే ఆయన నన్ను తిట్టేవాడు. తిడితే జవాబు చెప్పేదాన్ని. రండి, పిల్లల్ని మాట్లాడించి చూడండి అనేదాన్ని. దానికోసం ఎన్నాళ్ళ నుంచి చూస్తున్నానో నీకు తెలీదు. ఇప్పుడు మెచ్చుకుని పోయాడు. ఇంక నేనేం చెప్పను?"

నేను చేసింది బయటపెడితే నా ఉద్యోగం పోతుంది. అందుకే ఆమె నోరు విప్పలేదు. నాకది అప్పుడే అర్థమైంది, అర్థమై కూడా ఊరుకున్నాను.

మర్నాటి నుంచి స్కూలంతా నోట్సు. ప్రతి శనివారం పుస్తకాలు హెడ్మాస్టరు టేబుల్ మీదికి చేరాలి. ఆమె కొన్నాళ్ళు ముప్పై అయిదు నిమిషాలు రాయించి, చివరి పది నిమిషాలు బొమ్మల కాగితాలు తీసేవారు. తర్వాత ఆ పది నిమిషాలూ దిద్దడానికే సరిపోయాయి. రిటైరయ్యేనాటికి ఆ క్లాసులో చీమ చిటుక్కుమన్నా వినబడేది. లెక్కల సారు చాలా సంతోషించాడు.

నాకు ఆమె మీదా కోపమే. ఒక్కసారి గట్టిగా కేకలేసి ఉంటే నేను క్షమాపణ చెప్పుకునేదాన్ని. కాప్రాలో ఉన్నారని తెలిసి ఒకసారి చూడబోయాను. మంచంలో కూర్చుని, "పిల్లలు నిన్నేమైనా అడుగుతున్నారా?" అన్నారు. "నోట్సు నీట్‌గా రాస్తున్నరు టీచర్" అన్నాను. ఆమె తల ఊపి, టీ తాగి వెళ్ళమన్నారు. చెప్పాల్సిన ఆ ఒక్క మాట కోసం నేను ఆ కప్పు చివరిదాకా వెతుక్కుంటూనే ఉన్నాను. ఆమె అలవాటు ప్రకారం ఆగారు. నేనే లేచి వచ్చేశాను.

కూడిక మర్నాడు సోమవారం, నా ఎనిమిదో తరగతికి నేనే కాగితాలు తయారుచేసుకుని వెళ్ళాను. సగం మందికి కొన్ని రైళ్ళ వేళలు, మిగతా సగానికి ఇంకొన్ని. ఒకరినొకరు ఇంగ్లీషులో అడిగి తెలుసుకుని, పది గంటలలోపు కాజీపేట చేరే రైలేదో పట్టుకోవాలి. పంచిపెట్టి, ఏం చేయాలో చెప్పి, వెనక బెంచీలో కూర్చున్నాను.

ఎవరూ నోరు తెరవలేదు.

ముందు వరసలో ఒక పిల్ల లేచింది. "మేడమ్, ఇది నోట్స్‌ల రాయాల్నా?"

"వద్దు. నీ పక్కామెను అడుగు."

ఆ పిల్ల పక్కకు చూసింది. మళ్ళీ నా వైపు తిరిగింది. "ఆన్సర్ మీరే బోర్డు మీద రాస్తరు గద మేడమ్?"

రాయనన్నాను. ఆమెలాగే ఆగాను. ఒక నిమిషం, రెండు నిమిషాలు, బెల్లు కొట్టేదాకా. పాపం, వాళ్ళూ ఆగారు. నలభై మంది, పెన్నుల మూతలు తీసి పట్టుకుని, అల్లరన్నది లేకుండా, ఖాళీ బోర్డు వైపు చూస్తూ.