బొంతలో నడిమి పొర

మా అత్త గుడ్డను కత్తెరతో కోయదు. అంచును పంటితో కొరికి గాటు పెట్టి, రెండు చేతులతో పట్టి ఒక్క గుంజు గుంజుతుంది. కత్తెర మనిషి చేయి ఎటు వంగితే అటు పోతుందట, చింపితే మాత్రం గుడ్డ తన పోగు వెంబడే పోతుందట. నిజమే. ఆమె చింపిన చదరాలన్నీ ఒకే కొలత, జానెడుకు జానెడు. ముదురు రంగు ఒకటి, లేత రంగు ఒకటి, మళ్లీ ముదురు, మళ్లీ లేత. మా ఊళ్లో సగం ఇళ్లలో పరుచుకునేవీ కప్పుకునేవీ ఆమె కుట్టిన బొంతలే. కాపురానికి వచ్చిన మొదటి ఏడు ఆ చిరిగే చప్పుడు వింటే నా పళ్లు జివ్వుమనేవి.

వరసలో ఒక ముక్క తప్పు పడితే గజం కట్టెతో నా వేళ్ల మీద కొట్టేది. నేనేం చిన్నపిల్లను కాదు, ఇద్దరు పిల్లల తల్లిని, నోరున్నదాన్ని. ఒకసారి ఆ కట్టె గుంజుకుని మోకాలి మీద పెట్టి విరిచాను. ఆమె మరునాడు ఇంకొకటి తెచ్చుకుంది, అది ఇనుప పట్టీ. మా ఇద్దరి మధ్య లెక్క అట్లా ఉండేది. అత్తా ఒకింటి కోడలే అంటారు గానీ ఆ సంగతి ఆమెకు గుర్తుచేసే ధైర్యం మా ఇంట్లో ఎవరికీ లేదు.

మాది ఇంద్రేశం పక్కన ఊరు. జొన్న చేలన్నీ ప్లాట్లయిపోయాక మగవాళ్లు పటాన్‌చెరు దిక్కు కంపెనీలకు ఎక్కారు. మా ఆయన ఒక మందుల కంపెనీలో హెల్పరు. అక్కడ మందు పొడిని వడగట్టే గుడ్డలుంటాయి, తెల్లగా, దుప్పటంత మందంగా. పాతబడితే పారేస్తారు. పారేసేవాటిలో కడిగి పెట్టినవి హెల్పర్లు ఇళ్లకు తెచ్చుకునేవారు. ఊరంతా దాన్ని ఫిల్టర్ గుడ్డ అనే అంటుంది. గడపలో కాళ్లు తుడుచుకునేదీ అదే, బియ్యం డబ్బా మీద మూతకు కట్టేదీ అదే. అత్త దాన్ని చంటిపిల్లల బొంతల్లో నడిమి పొరగా వేసేది. పైన చదరాల వరస, కింద మెత్తటి పాత చీర, నడుమ ఈ గుడ్డ. పిల్ల ఉచ్చ పోస్తే కిందికి దిగదు. సోడా వేసి మరిగే నీళ్లలో రెండు రోజులు నానబెట్టి, బండ మీద బాది, మూడు నీళ్లు మారిస్తే గుడ్డ గరుకు పోయి మెత్తబడేది. ఉతుకుడు నా పని, కుట్టుడు ఆమె పని. ఏళ్ల తరబడి ఎవరికీ ఏమీ కాలేదు.

మా ఆడబిడ్డ తొలికాన్పుకు వచ్చింది. ఆడపిల్ల పుట్టింది. ఇరవై ఒకటో నాడు తొట్లె, అంటే ఊయల, వేస్తారు, ఆ తొట్లెలోకి బొంత కావాలి. పసిపిల్ల ఒంటికి కొత్త గుడ్డ తగలకూడదని మావాళ్ల పట్టింపు. అందులోనూ మేనమామ ఇంటి చీర ముక్క పడాలి. మేనమామ అంటే మా ఆయన. ఆయన ఇంటి చీర అంటే నాదే. అడిగితే ఇచ్చేదాన్ని. నాకున్న పాత చీరల్లో ఏదో ఒకటి తీసి ముఖాన కొట్టేదాన్ని, అది వేరే మాట.

ఆమె అడగలేదు. పొయ్యి దగ్గర కూర చూసుకుంటుంటే చిరిగే చప్పుడు వినిపించింది. ఆ చప్పుడును బట్టి ఏ రకం గుడ్డో చెప్పగలను నేను. అది నేత చీర. మా ఇంట్లో నేత చీర ఒక్కటే ఉంది, మా అమ్మది, ఆకుపచ్చది. అమ్మ పోయినప్పుడు ఆమె గుర్తుగా తెచ్చుకున్నది అదొక్కటే. పరుగెత్తుకుంటూ వచ్చేసరికి సగం చీర చదరాలైపోయి నేల మీద దొంతరగా ఉంది. మిగిలిన సగం ఆమె పళ్ల మధ్య ఉంది.

మీద పడ్డాను. చీర గుంజబోతే ఆమె వదల్లేదు. ముంజేయి దొరికింది, కొరికాను. ఊరికే కాదు, నోట్లో ఉప్పగా తగిలే దాకా కొరికాను. ఆమె రెండో చేత్తో ఇనుప పట్టీ అందుకుని నా దవడ మీద కొట్టింది. కళ్ల ముందు తెల్లగా అయిపోయింది.

మంచం మీద పిల్లను ఒళ్లో పెట్టుకుని కూర్చున్న ఆడబిడ్డ అంది, "పాత చీరకే గింత లొల్లి ఎందుకు వదినా? నువ్వేమన్న కట్టుకుంటవా దాన్ని? మా అమ్మ చెయ్యి సూడు, నెత్తురు కారుతుంది."

"మీ అమ్మ నోరు సూడు ముందుగాల," అన్నాను. దవడ కదలక మాట సగమే వచ్చింది.

అప్పుడే డ్యూటీ దిగి మా ఆయన వచ్చాడు. సంకలో ఫిల్టర్ గుడ్డ చుట్ట ఉంది. ఆమె చేయి చూశాడు, నా మొహం చూశాడు. "ఇద్దరు కొట్టుకోని సావుండ్రి," అని చుట్టను నా కాళ్ల దగ్గర పడేశాడు. స్నానానికి పోతూ పోతూ వెనక్కి తిరిగి, "జెర మంచిగ నానవెట్టు. కడిగినయి దొరకలె. కొత్త మందు నడుస్తుంది గీ వారం," అన్నాడు.

నానబెట్టాను. రెండు రోజుల తర్వాత బండ మీద వేసి బాదాను. ఆ గుడ్డను నేనెప్పుడూ అంత కసిగా బాదలేదు. ప్రతి దెబ్బా ఎవరికి వేశానో చెప్పనక్కర లేదు. మామూలుగా మొదటి నీళ్లు బూడిద రంగులో వస్తాయి, రెండో నీళ్లు పాలలాగా, మూడో నీళ్లు తేటగా. ఈసారి మూడో నీళ్లు పచ్చగా వచ్చాయి. నాలుగోవీ పచ్చగానే. అయిదోవీ అంతే. అరచేతులు మిరపకాయలు కోసినట్టు మండాయి. వాసన చూశాను, ముక్కు లోపల పొడిచినట్టయింది.

ఆ గుడ్డ పనికిరాదని నాకు అప్పుడే తెలిసిపోయింది. లోపలికి పోయి రెండు ముక్కలు చెప్పాలి, అంతే. దవడ వాచి నోరు పెగలడం లేదని నాకు నేను చెప్పుకున్నాను. అబద్ధం. నాకు చెప్పబుద్ధి కాలేదు. తొట్లె నాడు ఆ బొంత కంపు కొట్టాలి, ఆడబిడ్డ అత్తగారివాళ్లు ముక్కులు మూసుకోవాలి, మా అమ్మ చీరను చింపిన మనిషికి నలుగురిలో తల కొట్టేసినట్టు కావాలి. నేను కోరుకున్నది అది. అత్త మీద కోపం దుత్త మీద అంటారు. ఆ దుత్త పదహారు దినాల పసిపిల్ల అవుతుందని నా బుర్రకు ఎక్కలేదు. గుడ్డను తీగ మీద ఆరేసి వచ్చి, "ఉతికిన," అన్నాను.

అత్త మూడు రోజులు గడపలో కూర్చుని కుట్టింది. నన్ను దగ్గరికి రానివ్వలేదు, నేనూ పోలేదు. ఎండాకాలం, చెమట కారుతూనే ఉంది, సూది దిగుతూనే ఉంది. ఆకుపచ్చ చదరం, పక్కన లేత పసుపు, మళ్లీ ఆకుపచ్చ. పాడు కోపం నాది, అయినా ఒప్పుకుంటాను, అంత చక్కటి బొంత ఆమె చేతుల మీద అంతకు ముందు రాలేదు. ఎండకు ఆరి వాసన కూడా పోయింది. ఇంకేం, అంతా సర్దుకుందిలే అనుకున్నాను.

తొట్లె నాడు వచ్చినవాళ్లందరూ బొంతను తడిమి మెచ్చుకున్నారు. పిల్లను పడుకోబెట్టి ఊపారు. కాసేపటికి పిల్ల తడిపింది, తడిపాక ఏడుపు అందుకుంది. వాము నీళ్లు పట్టారు. దిష్టి తీశారు. ఇంకా గట్టిగా ఊపారు. ఆ ఏడుపు సన్నబడి, గొంతు బొంగురుపోయాక గానీ ఎవరికీ ఎత్తుకోవాలని తోచలేదు. ఆడబిడ్డ ఎత్తింది. వీపు చర్మం బొంతకు అంటుకుని వచ్చింది.

నేను పోయి బొంతను తొట్లెలోంచి లాగి పంటితో గాటు పెట్టి చింపాను. నడిమి పొర తడిసి పచ్చగా ఉంది. బండ మీద పారిన ఆ నీళ్ల రంగే. అది చూసి ఇంటి అల్లుడు, ఆడబిడ్డ మొగుడు, "గిది బావ కంపెనీ గుడ్డ గదా," అన్నాడు.

సంగారెడ్డిలో పెద్ద దవాఖానకు తీసుకుపోయాం. రెండు రోజులు గడిస్తే గానీ ఏమీ చెప్పలేనని డాక్టరమ్మ అంది. ఆ మాట విని అల్లుడూ అతని తమ్ముడూ బయటికి వచ్చారు. బండ్లు నిలిపే జాగాలో మా ఆయనను పట్టుకున్నారు. తమ్ముడు హెల్మెట్‌తో మొహం మీద కొట్టాడు. ఒకసారి కాదు. ముక్కు చితికింది, అంగీ ముందంతా ఎర్రగా అయింది. కింద పడితే బూటు కాళ్లతో డొక్కలో తన్నారు. మా ఆయన చేయి కూడా ఎత్తలేదు. "మంచిగ నానవెట్టుమని చెప్పిన," అని అదే మాట అంటూ ఉన్నాడు.

తమ్ముడు ఆగాడు. "ఎవలకు చెప్పినవ్? ఉతికిందెవలు?"

అందరూ నా వైపు తిరిగారు. హెల్మెట్ ఇంకా అతని చేతిలోనే ఉంది. నాకు భయం వేయలేదు, కొడితే బాగుండును అనిపించింది. ముందుకు నడిచాను. "నేనే ఉతికిన. నాకు..." అన్నాను. నాకు ఎర్కనే అనబోయాను. పచ్చ నీళ్లు చూసి కూడా ఊకున్నానని అనబోయాను.

పక్క నుంచి అత్త కొట్టింది. అరచేయి సాచి, బలమంతా పెట్టి కొట్టింది. ఒక బండి మీద పడ్డాను, పెదవి పగిలింది. నాకూ వాళ్లకూ నడుమకు వచ్చి నిలబడి ఆమె అంది, "దానికేం ఎర్క? గుడ్డ తెమ్మన్నది నేను. ఉతికింది నేను, కుట్టింది నేను. కొట్టేదుంటే నన్ను కొట్టు బిడ్డా."

అల్లుడు అత్త మీద చేయి ఎత్తలేడు. తమ్ముడి చేతిలోంచి హెల్మెట్ గుంజుకుని గోడకేసి కొట్టి లోపలికి పోయాడు.

నా చెంప తడిగా ఉంది. నెత్తురనుకుని తుడిచాను. నెత్తురు కాదు, జిగట నీళ్లు. ఆమె చేయి పట్టుకుని బలవంతంగా తెరిచాను. అరచేయి నిండా బొబ్బలు. నన్ను కొట్టిన దెబ్బకు కొన్ని పగిలాయి. బొటనవేలి మీద, చూపుడువేలి మీద తోలు లేదు. అవి ఆ రోజువి కావు, కొన్ని అప్పటికే నల్లబడి ఎండిపోయాయి.

"ఎప్పటి సంది?" అన్నాను.

"కుట్టవట్టిన రెండో దినం సంది."

"మరి చెప్పకపోతివి?"

ఆమె చేయి వెనక్కి తీసుకుంది. తర్వాత, "చెప్తే బొంత పారెయ్యాలె గదా," అంది. "నీ చీర ఉత్తగ చింపినట్టు అయితుండె."

ఆమెను అక్కడే చంపేయాలన్నంత కోపం వచ్చింది. అంత కోపమూ ఏడుపై బయటికి వచ్చింది. మా ఆయన నేల మీంచి లేవలేక, మా మాటలు అందక, మా ఇద్దరినీ చూస్తున్నాడు. మా ఇద్దరికీ ముందే తెలుసని ఆయనకు ఇప్పటికీ తెలియదు.

మూడో నాడు పొద్దున పిల్ల పాలు తాగింది. గండం గడిచిందని డాక్టరమ్మ చెప్పింది, వీపు మీద మచ్చ మాత్రం ఉంటుందంది. ఆ మూడు రోజులూ అత్తా నేనూ దవాఖాన గోడ వారన పక్కపక్కనే కూర్చున్నాం. కట్టు కట్టిన చేత్తో ఆమె తినలేకపోతే నేనే ముద్దలు కలిపి పెట్టాను. తొట్లెకు ముందే ఇద్దరిలో ఎవరు నోరు తెరిచి ఒక్క మాట చెప్పినా చాలేది.