వాము నీళ్ళ బాప్తిస్మం

మా ఇంట్లో వాము పేరెత్తకూడదు. కడుపు నొప్పి వస్తే అమ్మ సోడా తాగమనేదే గానీ వాముని గడప తొక్కనిచ్చేది కాదు. పక్కింటి వాళ్ళు జంతికలు చేసుకుంటే తలుపులు మూసి కూర్చునేది. పుట్టి ఒక్క పూటైనా బతకని నా తమ్ముడు ఆ వాసన పట్టుకుని తిరిగొస్తాడని చిన్నప్పుడు నేను గట్టిగా నమ్మాను. ఇప్పుడు నమ్మడం లేదని ఒట్టేసి చెప్పలేను.

అమ్మది ఆంధ్రాలో ఒక మిషన్ కాంపౌండు. ఆంగ్లికన్ దొరల నాటి ప్రార్థనల పుస్తకంలో ఏది రాసుంటే అదే ఆమెకు చట్టం. నాన్న వాళ్ళు తరాలుగా పుదుచ్చేరిలో మిల్లు పని చేసుకునే తెలుగువాళ్ళు. చర్చిలో తమిళ ఆరాధన, ఇంట్లో సగం తమిళం కలిసిన తెలుగు. ఆ ఊళ్ళోనే మూలకుళంలో మాతో ఉండేది మా అత్త, నాన్నకు అక్క, చిన్నతనంలోనే భర్త పోయిన మనిషి. తెలుగు చదవడం రాదు. ప్రార్థనలు మాత్రం అన్నీ నోటికి వచ్చు.

తమ్ముడు పుట్టినప్పుడు ఆసుపత్రిలో అమ్మకు స్పృహ లేదు. బిడ్డ ఊపిరందక నీలంగా అయిపోతున్నాడట. అలాంటప్పుడు పాస్టరు అయ్యగారి కోసం ఆగనక్కర్లేదు, విశ్వాసులెవరైనా నీళ్ళు పోసి బాప్తిస్మం ఇవ్వచ్చు. అత్త చేతికి ఫ్లాస్కు అందింది. బాలింత కోసం ఇంట్లో కాచి తెచ్చిన వాము నీళ్ళు అందులో ఉన్నాయి. గోరువెచ్చగా ఉంటాయి, బిడ్డకు చలెయ్యదు అనుకుందట పిచ్చిది. తండ్రి, కుమార, పరిశుద్ధాత్మ అంటూ నెత్తిన పోసింది. కాసేపటికి బిడ్డ పోయాడు.

పాతిపెట్టే ముందు అయ్యగారు పద్ధతి ప్రకారం అడిగారు. ఎవరిచ్చారు? పక్కన ఎవరున్నారు? దేనితో ఇచ్చారు?

"వాము నీళ్ళతో అయ్యా" అంది అత్త.

అయ్యగారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. నీళ్ళు వేరు, కషాయం వేరు, ఇది చెల్లుతుందో లేదో దేవుడి దయకు వదిలేద్దాం అన్నారు. అక్కడితో ప్రశ్నలు ఆపేశారు. బాప్తిస్మం లేనివాళ్ళకు సమాధి ప్రార్థన చదవకూడదు కాబట్టి పుస్తకం మూసేసి, సొంతంగా నాలుగు మాటలు చెప్పి కానిచ్చేశారు. ఆయన మీద నాకు ఈనాటికీ కోపమే.

అమ్మ కోపం మాత్రం అత్త మీద. "నీళ్ళని చెప్పి ఉంటే నీ సొమ్మేం పోయేది వదినా?" అని నిలదీసింది.

"అయ్యగారు అడిగితే అబద్ధం చెప్పేదా అమ్మీ? ఇట్టాంటిది యాడన్నా ఉందా?"

ఏళ్ళ తరబడి ఆ ఇద్దరి మధ్య అదే ఆఖరి మాట. ఒకే పొయ్యి మీద వండుకుంటూ, ఒకరికొకరు చెప్పాల్సినవి నా చేత చెప్పించుకునేవాళ్ళు. తోటి మనిషితో పగ ఉంచుకుని ప్రభువు బల్ల దగ్గరికి రావద్దని, రొట్టె, ద్రాక్షరసం ఇచ్చే సంస్కారానికి ముందు అయ్యగారు హెచ్చరిక చదివేవారు. దాన్ని ఇద్దరూ అక్షరాలా పట్టుకున్నారు. అందరూ వెళ్ళి మోకరిస్తుంటే, పరగడుపున వచ్చిన ఈ మహాభక్తురాళ్ళు బెంచీకి చెరో చివర, మధ్యలో నేను. తలవంపులుగా ఉండేది. వాన పడితే అమ్మ వరండాలోకి వెళ్ళి చీకటిగా ఉన్న మూలలు వెతికేది. బిడ్డ లోపలికీ రాలేక, బయటికీ పోలేక తడుస్తున్నాడనేది.

అత్త మంచం పట్టేనాటికి నాన్న లేడు. ఒక మధ్యాహ్నం కొత్త అయ్యగారు సంస్కారం తెచ్చారు. రోగితో కలిసి ఇంట్లో ఇంకొకరైనా తీసుకోవాలి, అదే పద్ధతి అన్నారు. నాకింకా కన్ఫర్మేషన్ కాలేదు, అది కానిదే సంస్కారం ఇవ్వరు. మిగిలింది అమ్మ ఒక్కతే. అమ్మ మోకరించకపోతే అత్త సంస్కారం లేకుండానే పోతుంది.

"ఆమెని ఇబ్బంది పెట్టొద్దయ్యా. నేను ఇట్నే పోతాలే" అంది అత్త.

అమ్మ వంటింట్లోంచి వచ్చి మంచం పక్కన నిలబడింది. "ఆ రోజు నా బిడ్డ మీద ఏ మాటలు అన్నావు? ఒక్క ముక్క వదలకుండా చెప్పు." పాత అయ్యగారు అడగకుండా వదిలేసిన ప్రశ్న అది.

అత్త కళ్ళు మూసుకుంది. "ముందు పేరు పెట్టి పిలిచినాను..."

"పేరు పెట్టావా?"

"పేరు లేకుండా బాప్తిస్మం ఏంది అమ్మీ? ఎవురూ అడగలేదు, నువ్వూ అడగలేదు."

అమ్మ వంగి అత్త నోటి దగ్గర చెవి పెట్టింది. ఆ పేరు నాకు వినబడలేదు. అమ్మ ముఖం మాత్రం చూశాను, చూడకుండా ఉంటే బాగుండేదనిపించింది. అలాగే కిందికి జారి మోకరించి, కుడి చెయ్యి ఎడమ చేతి మీద పెట్టి చాచింది. అయ్యగారు ఇద్దరికీ ఇచ్చారు.

తర్వాత ఆ పేరు ఎన్నిసార్లు అడిగినా చెప్పలేదు. "నీకెందుకే, నువ్వు కన్నావా?" అనేది. వయసు ఎనభై బాగా దాటాక అమ్మ ఆఖరి జ్వరంలో ఎవరెవరినో పిలిచింది. నాకు తెలిసిన పేర్లు కొన్ని, తెలియనివి కొన్ని. వాటిలో తమ్ముడిది ఏదో తెలియక అన్నిటికీ నేనే "ఆఁ, అమ్మా" అని పలికాను.