డీజిల్ పోసిన గొట్టం

గరాటు కనబడలేదని, ఈత నేర్పే గొట్టం మాస్టారి స్నార్కెల్‌తో, అదే ఆయన ఊపిరి పీల్చే గొట్టంతో, పడవ ట్యాంకులో డీజిల్ పోశారు. పోసింది పరాయివాడైతే ఆయన పళ్ళు కొరుక్కుని ఊరుకునేవాడు. పోసింది సొంత బావమరిది. అదీ కొత్త ట్రైనరు, పడవవాడు, నేర్చుకోవడానికొచ్చిన పదిమంది చూస్తుండగా.

"ఇన్నాళ్ళకి దీనికో పని దొరికింది బావా," అన్నాడు బావమరిది. అందరూ నవ్వారు. ఆ నవ్వులోనే మాస్టారి పాఠమూ కొట్టుకుపోయింది. ఆ పూటనుంచి బోధన కొత్త ట్రైనరుకి, మునిగేవాళ్ళ రబ్బరు సూట్లు కడిగే పని మాస్టారికి.

దుకాణం బావమరిదిది. స్కూబా నేర్పే దుకాణం. జనం వీపున గాలి సిలిండరు కట్టి, సముద్రంలో ముంచి, చేపలు చూపించి, మళ్ళీ పైకి తేవడం దాని వ్యాపారం. మాస్టారికి ఈ మునగడం మీద గౌరవం తక్కువ. ఆయన దగ్గరికొచ్చినవాడు ముందు ఈతకొలనులో అటూ ఇటూ ఈదాలి. వెల్లకిలా కదలకుండా తేలాలి. స్నార్కెల్ నోట్లో పెట్టుకుని, ముఖం నీళ్ళలో ఉంచి, ఆ గొట్టంలోంచి పైగాలి పీల్చాలి. ఇవన్నీ వస్తేగాని సిలిండరు ముట్టుకోనివ్వడు. సెలవులకొచ్చిన వాళ్ళు రోజుల తరబడి తేలి తేలి విసుగెత్తి, చివరికి ఎదురు దుకాణానికి పోయి మునిగేవాళ్ళు.

"వాళ్ళొచ్చింది మునగడానికి బావా. తేలాలంటే ఇంట్లో పరుపుల్లేవా?"

"సిలిండర్లో గాలైపోతే పైకొస్తారు. పైకొచ్చాక అలలు మొహాన కొడుతుంటే ఏం చేస్తార్రా?"

"పడవొస్తుంది."

"రాకపోతే?"

"రాకపోవడానికి అదేమన్నా అక్కయ్యా, అలగడానికి?" అని, బావమరిది అసలు బాణం వేసేవాడు. "ఆడలేక మద్దెల ఓడన్నాడట ఎవడో. మునగలేక నువ్వు తేలడం గొప్పంటున్నావు."

అందులో అబద్ధం లేదు. కాస్త లోతుకి దిగితే మాస్టారికి చెవులు పోటెత్తి, కళ్ళు బైర్లు కమ్మేవి. అబద్ధమైతే నవ్వి పోనిచ్చేవాడు. నిజం కాబట్టే ఒళ్ళు మండింది.

సూట్ల గది దుకాణం వెనక ఉంది. తాళ్ళకి వేలాడే తడి రబ్బరు సూట్లు ఉరితీసిన మనుషుల్లా ఉండేవి. నీళ్ళలో భయపడ్డవాడు సూటులోనే పని కానిస్తాడు. ఎవడెంత ధైర్యవంతుడో మాస్టారు ముక్కుతోనే తేల్చేవాడు. మధ్యమధ్య తన స్నార్కెల్ కూడా సబ్బుతో తోమేవాడు. డీజిల్ కంపు వదల్లేదు. పైగా గొట్టం అడుగున ఉండే చిన్న రబ్బరు మూత ఊడిపోయింది. "నా మూతేదిరా?" అని అడిగితే, "నోటికేసుకోవాల్సిన మూత పోగొట్టుకున్నావా బావా!" అని మళ్ళీ నవ్వులు. పాత సూటు ముక్క కత్తిరించి అతికించుకున్నాడు.

ఇంట్లో మాటా మాటా పెరిగితే ఆ స్నార్కెల్ నోట్లో పెట్టుకుని కూర్చునేవాడు.

"అది తీసి మాట్లాడండి," అనేది భార్య. "నా తమ్ముడిది తప్పే. అంతమాత్రాన నేను కుళాయితో కాపురం చెయ్యాలా? పోయి అడగండి, నా పాఠం నాకివ్వమని."

మాస్టారు గొట్టం తీసేవాడు. "పదిమందిలో లాక్కున్నాడు. పదిమందిలోనే ఇవ్వాలి. అడుక్కోను." మళ్ళీ పెట్టుకునేవాడు.

ఒకరోజు సూట్లు అందివ్వడానికి మాస్టారు పడవెక్కాడు. కొత్త ట్రైనరు జనాన్ని తీసుకుని కిందికి దిగాడు. కొత్త సూటు కొన్న సంబరంలో బావమరిదీ వెనకే దూకాడు. అతనికి ఈత రాదు. మునగడం వచ్చినవాణ్ణి ఈత వచ్చా అని ఎవరూ అడగలేదు, అతనూ చెప్పలేదు. చేపల వెనకపడి, దారి తప్పి, గాలి అడుగంటాక పడవకి చాలా దూరంలో తేలాడు. గాలి నింపిన జాకెట్టు ముంచనివ్వలేదు గాని, అలలు ఊపిరి తీసుకోనివ్వలేదు. కాళ్ళు కొట్టినకొద్దీ గానుగెద్దులా ఉన్నచోటే తిరిగాడు.

పడవవాడు ఇంజను తిప్పాడు. అది దగ్గి ఊరుకుంది. మళ్ళీ తిప్పాడు. డీజిల్ పైపు ఊడదీసి చూస్తే, దాని నోట్లో బిళ్ళంత రబ్బరు మూత ఇరుక్కుని ఉంది.

"ఇదెక్కడిదండీ?"

"నాదే," అన్నాడు మాస్టారు. కాని అక్కడ నవ్వడానికి ఎవరూ తీరిగ్గా లేరు. ఈత కళ్ళద్దాలు తగిలించుకుని, స్నార్కెల్ కరిచిపట్టి దూకాడు.

ఈత అందంగానే సాగింది. ముఖం నీళ్ళలో, గొట్టం పైన, చేతులు కొలిచినట్టు. చెవులు నీళ్ళలో ఉండడంతో, "బావా! ఇటు! ఇటు చావు!" అన్న కేకలు వినబడక బావమరిదిని దాటి ముందుకెళ్ళిపోయాడు. తలెత్తి చూసుకుని, నాలుక కరుచుకుని వెనక్కొచ్చాడు.

"మొహం నీళ్ళలో పెట్టు. దీంతో పీల్చు," అని తన గొట్టం అతని నోట్లో కుక్కాడు.

బావమరిది పీల్చాడు. కళ్ళు గుండ్రంగా తిరిగాయి. "డీజిలు... డీజిలు బావా!"

"నువ్వు పోసిందే. పీల్చు."

వేరే దారి లేదు. పీల్చాడు. మాస్టారు సిలిండరు పట్టుకుని ఈడ్చుకొచ్చాడు. పడవలోకి లాగాక బావమరిది కక్కినవాటిలో సముద్రమెంతో, డీజిలెంతో చెప్పడం కష్టం.

మర్నాడు ఈతకొలను గట్టుమీద కొత్తగా వచ్చిన పదిమంది కూర్చున్నారు. బావమరిది నడుం లోతు నీళ్ళలో దిగి, మెట్ల కడ్డీ రెండుచేతులా పట్టుకుని, అందరూ వినేట్టు అన్నాడు.

"ఇకనుంచి పాఠం మా బావదే. నాతో కలిపి పదకొండుమంది." ఆనక గొంతు తగ్గించాడు. "బావా, అందరికీ కొత్త స్నార్కెల్సిచ్చావు. నాకూ ఒకటియ్యి."

మాస్టారు జేబులోంచి తన పాత గొట్టం తీసి, నీళ్ళలో జాడించి, అతని చేతిలో పెట్టాడు.

"నీకిదే. కంపు పోయిన రోజు నువ్వు పాసు. ఊఁ, కడ్డీ వదులు."