బావ గొణుగుడు

స్టూడియోలో పాటలు రికార్డు చేసే ఆయన్ని అందరూ బెత్తెడు అనే పిలిచేవారు. డ్రమ్ములకు మైకులు అమర్చేటప్పుడు కొలిచే టేపు ముట్టడు, చెయ్యే కొలత. పెద్ద డ్రమ్ములోకి బెత్తెడు లోపల ఒకటి, స్నేర్ అనే చిన్న డ్రమ్ము అంచుకు రెండు వేళ్ల ఎత్తున ఒకటి, సింబల్స్ అనే ఇత్తడి పళ్లేల పైన రెండు. వాటిని ఎవరైనా కాస్త కదిపితే ఇక ఆ పూట ఆయన మొహం చూడలేం.

వాయించేది సొంత బావ, అక్క మొగుడు. చేతులు ఊపందుకుంటే బావ నోరు ఊరుకోదు, ప్రతి దెబ్బనూ గొణుగుతాడు. ఆ గొణుగుడు పై మైకుల్లో పడి పాటలోకి చొరబడేది. బెత్తెడు బావతో పోరి పోరి, మైకుల్ని అటూ ఇటూ తిప్పి, చివరికి దాన్ని పూర్తిగా తరిమేశాడు. అదే తన పనితనమని నలుగురిలో గొప్పలు కూడా పోయాడు.

బావ గొంతులో గడ్డ ఉందని, ఆపరేషన్ చేస్తే మాట పోతుందని డాక్టర్లు తేల్చారు. అక్క తమ్ముణ్ని ఒక్కటే అడిగింది. “ఫోన్లో రికార్డు చేద్దామంటే, అది కనబడగానే ఆపేస్తార్రా. ఆ గొణుగుడు నీ దగ్గరేమైనా ఉందా?”

పాత రికార్డులన్నీ తిరగేశాడు. కడిగిన ముత్యాల్లా ఉన్నాయి. తన పనితనం మీద తనకే ఒళ్లు మండింది.

ఆసుపత్రికి వెళ్లే ముందురోజు బావను రమ్మని, ఒక మైకును సరిగ్గా అతని నోటి దగ్గరికి దించాడు. కారణం చెప్పడానికి నోరాడలేదు. బావ వాయించాడు. గొణుగుడు జాడే లేదు. రికార్డింగు గది అద్దంలోంచి చూస్తే పెదాలు బిగించి ఉన్నాడు.

“నోరు కదపలేదేంటి బావా?”

“ఆఖరిసారి కదరా. నీ రికార్డు పాడుచెయ్యకూడదని.”

బెత్తెడుకు కళ్లలో నీళ్లు తిరిగాయి. “పాడుచెయ్యి బావా. అక్కకి కావాలి.”

బావ పుల్లలు అందుకున్నాడు. మళ్లీ మొదలుపెట్టినా, ఎదురుగా మైకును చూస్తూ గొణగడం అతనివల్ల కాలేదు. బెత్తెడు దాన్ని తీసి, కనబడకుండా మెడ వెనక పెట్టాడు. రెండో పాట సగంలో గొణుగుడు వచ్చింది.

ఆపరేషన్ అయ్యాక, ఇంట్లో అక్క దాన్ని వింది. “ఆ డ్రమ్ముల మోత తగ్గించరా, ఆయన సరిగా వినబడట్లేదు,” అంది.

“రెండూ కలిసే పడ్డాయక్కా. విడదీయలేను.”

పక్కన బావ వేళ్లు మోకాలి మీద దరువేస్తున్నాయి. పెదాలు కూడా కదులుతున్నాయి. బెత్తెడు తట్టుకోలేక మొహం తిప్పుకున్నాడు.